గుసగుసల ఊరివాళ్ళు

గండయ్య నోరు మూసుకుని ఉండగలడని నమ్మిన మనిషి శంఖమాల రాజ్యం మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. వాడు అతని బావమరిది కేతమల్లు. నిజానికి అది నమ్మకం కూడా కాదు. వేరే దారి లేక పెట్టుకున్న ఆశ.

"దీవి ఒడ్డు తగిలిన దగ్గర్నుంచీ నీది మౌనవ్రతం బావా. ఆకలేసినా, ముల్లు గుచ్చుకున్నా, పాము కరిచినా మాట్లాడకూడదు," అన్నాడు కేతమల్లు, మోకాటిలోతు బురదలోంచి కాలు పీక్కుంటూ.

"పాము కరిచినా కూడానా?"

గండయ్య తన లెక్కలో మెల్లగానే అడిగాడు. తుంగపొదల్లోని నీటికోళ్ళు మాత్రం అదిరిపడి లేచిపోయాయి.

అతను శంఖమాల రాజుగారి దండులో కొమ్ము ఊదే కొలువు చేసేవాడు. చేతిలో కొమ్ము లేకపోయినా దండుకు పెద్ద లోటుండదని తోటివాళ్ళు వేళాకోళమాడేవారు. ఇప్పుడా కొమ్ము, రాగికట్లు వేసిన అడవిదున్న కొమ్ము, రుద్రాక్షలు చుట్టుకుని అతని భుజాన వేలాడుతోంది. ఇద్దరి ఒంటిమీదా విభూతి, నెత్తిన తాటిపీచు జడలు, నడుముకు కావిగుడ్డ. చూసేవాళ్ళకు దేశాలు పట్టి తిరిగే బైరాగులు. వెనక తుంగవనంలో మాత్రం రాజుగారి పడవలు ఆకులూ కొమ్మలూ కప్పుకుని కాచుకుని ఉన్నాయి. కొమ్ము మోగితే అవి వస్తాయి. మోగకపోతే రావు. దళవాయితో వీళ్ళు చేసుకున్న ఒప్పందం అంతే.

ఎదురుగా నీళ్ళలో ఒక మాను తేలుతూ కనిపించింది. దానిమీద కాలు పెడితే బురద తప్పుతుందని గండయ్య సంబరపడ్డాడు. అతను కాలెత్తేసరికి మాను కళ్ళు తెరిచింది. ఆపైన నోరు తెరిచింది. గండయ్య కూడా నోరు తెరిచాడు గాని, కేక బయటికి వచ్చేలోపల కేతమల్లు అరచెయ్యి వచ్చి ఆ నోటికి అడ్డం పడింది. రెండో చేతిలోని దండం మొసలి దవడల మధ్య నిలువునా దిగింది. తోక విసురుకు తుంగ నేలకొరిగింది, బురద ఆకాశానికి లేచింది, బైరాగులిద్దరూ దొర్లుకుంటూ వెళ్ళి ఒడ్డున పడ్డారు.

"ఇదిగో, ఇప్పట్నుంచీ," అన్నాడు కేతమల్లు ఆయాసపడుతూ. గండయ్య బుద్ధిగా తల ఊపాడు.

తలెత్తి చూస్తే ఎదుట ఉన్నది దీవి కాదు, కొంగల రాజధాని. నీళ్ళలోంచి లేచిన నల్లతుమ్మ చెట్లు. ఒక్కొక్క చెట్టుకూ అంతస్తులు అంతస్తులుగా గూళ్ళు. ఏ కొమ్మ చివర చూసినా పసుప్పచ్చని ముక్కు, పగడంలాంటి ముఖం, తెల్లని ఒళ్ళు, వీపు చివర ఎవరో అద్ది మరిచిపోయినట్టు లేత గులాబిరంగు. ఎర్రని పొడుగుకాళ్ళమీద నిలబడి కొన్ని రెక్కలు విప్పి పిల్లలకు ఎండ తగలకుండా గొడుగు పడుతున్నాయి. కొన్ని మడుగులోంచి నోటినిండా నీళ్ళు తెచ్చి పిల్లల తలలమీద పోస్తున్నాయి. పెద్ద కొంగలకు గొంతు లేదు, ముక్కులు టకటకలాడించే మాట్లాడుకుంటాయి. వేల ముక్కుల టకటక, వేల పిల్లల బొంగురు అరుపులు. ఆ తెల్లదనం నడుమ నల్లగా లేచి నిలిచింది మాంత్రికుడు ధూమ్రజటి కోట, దాని బురుజుల చుట్టూ ఏ గాలికీ చెదరని పొగ.

రెట్టల కంపు, కుళ్ళిన చేపల కంపు కలిసి ఒక్కసారిగా ముఖాన కొట్టాయి. గండయ్య ముక్కుకు కావిగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. కేతమల్లు మాత్రం గుండెలనిండా పీల్చాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది అతని ఊరి వాసన.

వలిపాకలో చలిగాలి మొదలవగానే పిల్లలందరూ ఉత్తరంవైపు చూస్తూ కూర్చునేవాళ్ళు. మొదటి కొంగను చూసినవాడికి బెల్లంముక్క. వలిపాకకు కొంగలంటే పక్షులు కావు, పురిటికి పుట్టింటికొచ్చే ఆడపడుచులు. మడుగులో ఇంటికొక తుమ్మచెట్టు ఉండేది. ఆ చెట్టుమీద దిగిన కొంగలన్నీ ఆ ఇంటి కూతుళ్ళు. అవి గూళ్ళు కట్టగానే ఇల్లాలు దోనెమీద వెళ్ళి చెట్టు మొదలుకు పసుపు రాసి వచ్చేది. పిల్లలకు రెక్కలొచ్చి అంతా వెళ్ళిపోయేనాడు ఒడ్డున సారె పెట్టి, ఆడవాళ్ళు నిజంగానే కళ్ళొత్తుకునేవాళ్ళు. ఆ నడిమి నెలలన్నీ ఊరు గొంతు తగ్గించేది. బాలింతలున్న ఇంట్లో ఎవరైనా అరుస్తారా? డప్పు లేదు, మేళం లేదు, వడ్లు దంచాలన్నా ఊరవతలకు పోవలసిందే. తగవులు కూడా గుసగుసగానే పడేవాళ్ళు. గుసగుసగా తిట్టుకోవడం ఎంత కష్టమో వలిపాకవాళ్ళనే అడగాలి. సగం తిట్టేసరికి నవ్వొచ్చి రాజీ పడిపోయేవాళ్ళు.

అలాంటి ఊరికి, చూసి చూసి, గండయ్య అల్లుడుగా దొరికాడు. తాంబూలాలు పుచ్చుకోవడానికి కొమ్ములూ డోళ్ళతో తరలివస్తే, పొలిమేరలోనే పెద్దలు ఎదురెళ్ళి, పెదవులమీద వేళ్ళు పెట్టుకుని, వాయిద్యాలన్నీ విప్పించి గడ్డివాములో దాచారు. మాబోటి వీరుణ్ణి దొంగలా నడిపించారని గండయ్య ఆ మాట ఇప్పటికీ ఎత్తుతాడు. ఎత్తినప్పుడల్లా నవ్వుతాడు. ఆ పూట గడపలో నిలబడి, నోటికి పమిట అడ్డం పెట్టుకుని నవ్విన పిల్ల మాచమ్మ. కేతమల్లు అక్క.

గూళ్ళలోంచి జారిపడ్డ పిల్లల్ని పోగేయడం మాచమ్మ పని. ఎవరూ చెప్పిన పని కాదు. కొంగలు గుంపుగా బతుకుతాయిగాని, ఏ గూటిది ఆ గూటికే. పొరుగు గూట్లో ముక్కు పెడితే పొడుస్తాయి. నీళ్ళలో పడ్డ పిల్లను తల్లి కూడా తిరిగి ఎత్తుకోలేదు. ఆ దిక్కులేని వాటినన్నిటినీ మాచమ్మ ఏరుకొచ్చి వెదురుబుట్టలో పెట్టేది. ఒకటి ఇంకా నూగైనా రానిది, ఒకటి దూదిపింజలాంటిది, ఒకటి రెక్కల మొలకలు తోసుకొస్తున్నది. ఒక ఈడువి కావు, ఒక తల్లివి కావు. "బుట్ట కాదే ఇది, కలగూరగంప," అని అమ్మ విసుక్కునేది. మాచమ్మ వినిపించుకోకుండా చిరుచేపలు నలిపి నలిపి పెడుతూ ఉండేది. ఆ బుట్ట దగ్గర తమ్ముడు గొంతెత్తాడా, వాడి ఎడమ చెవి ఆమె వేళ్ళమధ్య ఉండేది.

ఆ మాచమ్మను ధూమ్రజటి ఎత్తుకుపోయాడు. అతనికి దీవికి కావలి కావాలి. కొత్త మనిషి అడుగు పడగానే ఒక్కసారిగా లేచే వేల రెక్కలకంటే మంచి కావలి ఏముంటుంది? మంత్రం వేసి కొంగల్ని రప్పించాడుగాని అవి నిలవలేదు. పుట్టింటి మనిషి లేనిదే గూడు కట్టవని తెలుసుకుని, మాచమ్మను తెచ్చి, కొంగను చేసి గుంపులో వదిలాడు. గుంపంతా ఆమె వెంట ఆ దీవిమీద దిగింది. అప్పటినుంచి వలిపాక ఆకాశం ఖాళీ. పిల్లలు ఇప్పటికీ ఉత్తరంవైపు చూస్తూ కూర్చుంటారు. బెల్లంముక్క ఎవరికీ దక్కడం లేదు. ఇప్పుడు ఊళ్ళో అందరూ ఏడాది పొడుగునా గట్టిగానే మాట్లాడుకుంటున్నారు. ఆ గొంతులు వింటుంటే కేతమల్లుకు ఊరు పాడుబడినట్టే అనిపించేది.

"నా అడుగులో అడుగు వెయ్యి. పైకి చూడకు. నీడ దాటకు," అని సైగచేసి, కేతమల్లు చిన్నప్పుడు నేర్చిన నడక నడిచాడు. గండయ్య అతని వెనకే తన కొండంత ఒంటిని మోసుకుంటూ వచ్చాడు. నెత్తిమీద ఒక్క కొంగ కూడా మెడ ఎత్తలేదు.

కోటలో ఆ పూట సంతర్పణ. అమావాస్యకు బైరాగులకు అన్నం పెట్టడం ధూమ్రజటి అలవాటు. పుణ్యంకోసం అనుకునేరు, దేశాల కబుర్లకోసం. పైకప్పు లేని రాతిమంటపంలో విస్తళ్ళు పరిచారు. నడుమ పులితోలుమీదనుంచి లేచి వచ్చాడు ధూమ్రజటి. పొగరంగు జడలు నేలమీద పాములైతే, మెడలో ఎలుగుగోళ్ళు హారమైతే, ఒక కన్ను పచ్చగా, ఒక కన్ను ఎర్రగా వెలుగుతుంటే, ఎముకల గరిటెతో స్వయంగా నెయ్యి వడ్డిస్తున్నాడు.

"ఎవరు స్వామీ మీరు? ఏ దేశం?"

"హేమకూటం నుంచి వస్తున్నాం నాయనా. ఈయన మాకు పెద్దగురువు. మౌనం," అన్నాడు కేతమల్లు.

ధూమ్రజటి గండయ్య విస్తట్లో వేడివేడి నెయ్యి వంచి, కొంచెం వేలిమీద కూడా వంచాడు. గండయ్య కళ్ళు గుండ్రంగా తిరిగాయి. పెదవులు బిగిశాయి. కిక్కురుమనలేదు. కేతమల్లు మనసులో బావకు దండం పెట్టుకున్నాడు.

"హేమకూటంలో వింతలేమైనా చెప్పండి."

బైరాగి అన్నాక గొంతెత్తి కోతలు కోయాలి. కేతమల్లు కోశాడు. అక్కడి మంచు పాలరాతిలా ఉంటుందన్నాడు. నెమళ్ళు తెల్లగా ఉంటాయన్నాడు. మంటపం మారుమోగేలా చెబుతున్నాడు. "మా గురువుగారికి గురువుగారు ఆ మంచుమీద ఒంటికాలిమీద నిలబడి..."

అప్పుడే మేతకు వెళ్ళిన కొంగలు మడుగుమీదనుంచి తిరిగి వచ్చాయి. బారులు బారులుగా, పొడుగు మెడలు చాపుకుని, మంటపంమీదుగా సాగాయి. వాటి నీడలు విస్తళ్ళమీద, మనుషులమీద జారిపోతున్నాయి.

"...పన్నెండేళ్ళు తపస్సు చేశారు," అన్నాడు కేతమల్లు. పక్కనున్న బైరాగికి ఆ మాట వినపడలేదు. ఏమిటేమిటని చెవి దగ్గరికి వంచాడు.

ధూమ్రజటి గరిటె గాలిలో ఆగింది. "గట్టిగా చెప్పండి స్వామీ."

కేతమల్లు గొంతు పెంచబోయాడు. పెరగలేదు. నెత్తిమీద రెక్కలుండగా వలిపాకవాడి గొంతు పెరగదు. తల్లి పాలతో వచ్చిన అలవాటు విభూతి పూసుకుంటే పోతుందా?

"ఎందరో వచ్చారు ఈ దీవికి," అన్నాడు మాంత్రికుడు తీరిగ్గా దగ్గరికి వస్తూ. "సన్యాసులొచ్చారు, వర్తకులొచ్చారు, వేగులొచ్చారు. కొంగలొచ్చే వేళకు గొంతు తగ్గించినవాడు మాత్రం నువ్వొక్కడివే. కొత్త మనుషులొచ్చినా నా కావలి ఎందుకు లేవలేదా అనుకుంటున్నాను. మీది వలిపాకేనా?"

బల్లేలు నలువైపులనుంచీ వచ్చి ఇద్దరి మెడలకూ ఆనాయి. అంతసేపూ బిగబట్టిన గండయ్య నోరు అప్పుడు తెగింది.

"నేను అరుస్తానని నా నోరు కుట్టావు గదరా మల్లూ! నువ్వేమో గుసగుసలాడి పట్టించావా?"

కేతమల్లు ఏదో సర్దిచెప్పబోయాడు. అదీ గుసగుసగానే వచ్చింది.

కావిగుడ్డల్లో దాచుకున్న కత్తులు లాక్కున్నారు. కొమ్ముమీద చెయ్యి వేయబోయిన భటుణ్ణి ధూమ్రజటి వారించాడు. "ఉంచండి వాళ్ళకే. తుంగలో పడవలున్నాయని నాకు తెలియదనుకున్నారా? ఊదుకోనీ. ఆ మోతకు గుంపు లేస్తుంది. తొక్కిసలాటకు రెక్కలు రాని పిల్లలన్నీ మడుగులో రాలతాయి. నా మొసళ్ళకు పండగ."

కేతమల్లు నిటారుగా నిలబడ్డాడు. "మా అక్కను విడిపించమని అడగడానికి వచ్చాం. అడుగుతున్నాను."

ఆ మాటకు మాంత్రికుడి ముఖం చిట్లింది. కట్టులో ఉన్న ప్రాణిని విడిపించమని రక్తసంబంధీకుడు నోరు తెరిచి అడిగితే ఒక్క అవకాశం ఇవ్వాలి. ఇవ్వకపోతే మంత్రం వేసినవాడికే తిరగబడుతుంది. అతని గురువు పెట్టిన నియమం అది.

"సరే. సూర్యుడు ఆ పడమటి తుంగలో దిగేలోపల నీ అక్క ఏదో చూపించు. చెట్టుమీద చెయ్యి వేసి పేరు పెట్టి పిలువు. తప్పు పిలిచావా, ఆ గుంపులో ఇంకో రెండు కొంగలు పెరుగుతాయి."

పొద్దు వాలడం మొదలైంది. బావా బావమరిదీ నడుములోతు నీళ్ళలో చెట్టు చెట్టుకూ తిరిగారు. వెనకే బల్లేలు పట్టుకుని భటులు. వేల కొంగలు, అన్నీ ఒక్క అచ్చు. ఏది ముక్కు టకటకలాడించినా అక్క పిలిచినట్టే ఉంది. ఏది కన్ను తిప్పినా అక్క చూసినట్టే ఉంది. చిన్నప్పుడు తమ చెట్టుమీది కొంగలకు అక్కాతమ్ముళ్ళు పేర్లు పెట్టుకునేవాళ్ళు. మర్నాటికి ఏ పేరు దేనిదో మరిచిపోయి పోట్లాడుకునేవాళ్ళు, గుసగుసగా.

"మల్లూ! అదిగో!"

గండయ్య చూపించిన కొంగ కాలికి ఆకుపచ్చ గాజు మెరుస్తోంది. మాచమ్మ గాజు. పెళ్ళినాడు గండయ్య కొనిపెట్టిన జతలోది. ఆ కొంగ గూడు వదిలి, కొమ్మ దిగి, వీళ్ళవైపే రెక్కలు జార్చి నడిచి వస్తోంది. కంటినుంచి నీరు కూడా కారుతోంది. గండయ్య నీళ్ళు చీల్చుకుంటూ పరిగెత్తాడు. చెట్టు మొదలుకు అతని చెయ్యి జానెడు దూరంలో ఉండగా కేతమల్లు వెనకనుంచి ఎగిరి అతని నడుము పట్టుకున్నాడు. ఇద్దరూ బుడుంగుమని మునిగి తేలారు.

"వదలరా! అది నా పెళ్ళాం!"

"కాదు బావా. పైన చూడు. ఎండ మీద పడుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటినలా వదిలేసి మనకోసం దిగివస్తుందా అక్క? మనల్నే మరిచిపోతుంది గాని పిల్లల్ని వదలదు."

గండయ్య పైకి చూశాడు. మళ్ళీ గాజువైపు చూశాడు. ఆ గాజును తాకకుండా వెనక్కి రావడానికి అతనికి ఎంత బలం కావలసి వచ్చిందో ముఖం చూస్తే తెలిసింది. గాజు తొడుక్కున్న ఆ మాయకొంగ కంటినీరు టక్కున ఆగిపోయింది. బురుజుమీదనుంచి ధూమ్రజటి నవ్వు కూడా ఆగింది.

సూర్యుడు తుంగ కొసలు తాకాడు. దీవి చివర, ఎవరూ పట్టించుకోని ఒక గిడస తుమ్మ. దాని అడుగుకొమ్మమీద, చెయ్యి చాపితే అందేంత కిందుగా, ఒక గూడు. తెలివున్న కొంగ ఏదీ అంత కిందుగా కట్టదు, మొసలికి అందుతుంది. కేతమల్లు దాన్ని దాటిపోతూ లోపలికి తొంగిచూసి, కాలు కదపలేక నిలబడిపోయాడు.

ఏ గూట్లో చూసినా పిల్లలు ఇంచుమించు ఒక ఈడువే ఉంటాయి. ఈ గూట్లో ఒకటి నూగైనా రానిది, ఒకటి దూదిపింజ, ఒకటి రెక్కల మొలకలు తోసుకొస్తున్నది, ఒకటైతే గూట్లో పట్టక సగం బయటికి వేలాడుతోంది. పక్కన జంట కొంగ లేదు. ఒంటరి కొంగ ఒకటి నీళ్ళలోంచి, జారిపడ్డ ఇంకో చిన్నదాన్ని ముక్కుతో మెత్తగా పట్టి పైకెత్తి ఆ ఇరుకులోనే సర్దుతోంది. కిందుగా ఎందుకు కట్టిందో అప్పుడు అర్థమైంది. పడ్డవాటిని అంతకంటే ఎత్తుకు మోయలేదు.

"కలగూరగంప," అన్నాడు కేతమల్లు. ఆ మాట అమ్మ గొంతులోనే వచ్చింది. చెట్టుమీద చెయ్యి వేసి, పుట్టాక మొదటిసారి కొంగల కింద గొంతు చించుకుని అరిచాడు. "మాచమ్మక్కా!" చుట్టూ రెక్కలు అదిరి, మళ్ళీ సర్దుకున్నాయి.

కొంగ పొడుగు మెడ వంచింది. పసుప్పచ్చని ముక్కు చాపి, అతని ఎడమ చెవి పట్టుకుని, మెలిపెట్టింది.

కేతమల్లు ఏడ్చాడు. నవ్వాడు. రెండూ గుసగుసగానే.

దీవిమీద పొగ ఒక్కసారి చెదిరి మళ్ళీ కమ్ముకుంది. ధూమ్రజటి నీళ్ళమీద నడుచుకుంటూ వచ్చాడు. పళ్ళు కొరుకుతూనే కమండలంలోని నీళ్ళు ఒక మోదుగాకు దొప్పలోకి వంచి ఇచ్చాడు. "ఇవి తలమీద చల్లితే మళ్ళీ ఆడమనిషి అవుతుంది. ఒక్క చుక్కైనా మిగిలినంతసేపే. ఇంకొక మాట. ఆమె కట్టు తెగితే గుంపు కట్టు కూడా తెగుతుంది. ఒక్క కొంగ కూడా ఈ దీవిమీద నిలవదు. పిల్లలంటావా, వాటికి రెక్కలు రావడానికి ఇంకా నెల పడుతుంది. నీ ఇష్టం."

అతను వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి ఆగాడు. "విడిపిస్తానన్నాను గాని వెళ్ళనిస్తానని అనలేదు. పొద్దుగూకితే నా రేచుకుక్కలను వదిలే వేళ." అతని వెనకే భటులు కూడా గబగబా పోయారు. ఆ వేళకు అక్కడ ఉండటం వాళ్ళకూ మంచిది కాదు.

దొప్ప పుల్ల కుట్టు దగ్గర చెమ్మ ఊరింది. ఒక చుక్క జారి మడుగులో పడింది.

కేతమల్లు దొప్ప పైకెత్తాడు. కొంగ తల పక్కకు తిప్పుకుంది. ఇంకొంచెం చాపాడు. అది ఒకడుగు వెనక్కి వేసి పిల్లలమీద రెక్కలు విప్పి కప్పింది. నూగురానిది వణుకుతూ ఆ రెక్క కిందికి దూరింది.

"మాచీ, రావే," అన్నాడు గండయ్య. అతని గొంతు అతనికి తెలియకుండానే పెద్దదైంది. "ఇంట్లో దీపం పెట్టేవాళ్ళు లేరే. నేను ఎవరిమీద అరిచేది? రావే, ఇంటికి పోదాం!"

చుట్టూ చెట్లమీద వేల మెడలు ఒక్కసారి లేచాయి. రెక్కలు సగం విచ్చాయి. ఎక్కడో ఒక పిల్ల జారి నీళ్ళలో పడింది, అక్కడ నీళ్ళు ఒక్కసారి సుడి తిరిగాయి, మళ్ళీ పిల్ల కనిపించలేదు. గండయ్య మాట సగంలో తెగిపోయింది.

కొంగ అతనివైపే చూస్తోంది. మాటలేని ఆ చూపు అతనికి బాగా తెలుసు. తాంబూలాలనాడు గడపలోంచి చూసిన చూపే అది.

"పచ్చి బాలింతను ఏ పుట్టింటివాళ్ళయినా పంపిస్తారా బావా?" అన్నాడు కేతమల్లు. దొప్పనుంచి మరో చుక్క జారింది. అతను అరచెయ్యి అడ్డం పెట్టాడు, వేళ్ళసందునుంచి కారింది. "నీళ్ళే నిలవడం లేదు. పిల్లలకు రెక్కలొచ్చేదాకా దేంట్లోనైనా పోసి ఉంచాలి."

సూర్యుడు తుంగలో దిగిపోయాడు. కోటవైపునుంచి తుంగలో ఈలలు వినిపించాయి. రేచుకుక్కలు మొరగవు, ఈల వేసుకుంటూ గుంపుగా వస్తాయి. ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు, తర్వాత అన్నివైపులా.

గండయ్య భుజాన ఉన్న కొమ్ము తీశాడు. రాగికట్లు తడిమాడు. ఎన్ని యుద్ధాల్లో ఊదాడో అతనికే లెక్క లేదు. ఒక్క ఊపిరి ఊదితే చాలు, పడవలు వచ్చేస్తాయి, ఇద్దరూ బతికిపోతారు. ఊదే కొస నోటి దాకా తెచ్చాడు. తర్వాత వంగి, చెట్టు మొదట్లోని బంకమట్టి పిడికెడు తీసి, ఆ కొసకు కూరాడు. వేలితో అదిమి, మళ్ళీ అదిమి, రుద్రాక్షల తాడు దానిమీద బిగించి కట్టాడు. కొమ్ము తిరగేసి వెడల్పు నోరు పైకి పెట్టాడు.

"పొయ్యరా," అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

కేతమల్లు దొప్ప వంచాడు. మిగిలిన నీళ్ళన్నీ కొమ్ములోకి దిగాయి. ఒక్క చుక్క కూడా కిందికి రాలేదు. ఇక ఆ కొమ్ము మోగదు. తుంగవనంలో పడవలు మోతకోసం చెవులప్పగించి అలాగే ఉండిపోతాయి.

గండయ్య కొమ్మును గూటి పక్కన కొమ్మల పంగలో నిలబెట్టి, మొసలి దవడకంటే గట్టిదైన ఒక ఎండుకొమ్మ విరిచి చేతపట్టుకుని, చెట్టుకు వీపు ఆనించి నిలబడ్డాడు. తుంగ చీలింది. మొదటి జత ఎర్రకళ్ళు కనిపించాయి.

"వచ్చేశాయి బావా!" అని అరిచాడు కేతమల్లు.

జవాబు వినపడలేదు. బావ పెదవులు కదలడం చూసి, ఏమన్నావని దగ్గరికి వంగాడు. వలిపాక అల్లుడైన ఇన్నేళ్ళకు గండయ్య మొదటిసారి గొంతు తగ్గించాడు.

"మెల్లగా మాట్లాడరా మల్లూ. మీ అక్క బాలింత."